పంటి నొప్పి ఉన్నట్టుండి ఆగిపోయింది: దంతవైద్యుడి అపాయింట్‌మెంటు రద్దు చేసుకోవచ్చా?

కుడిదవడ | మొదటి రోజు, ఉదయం 6.50

సభ్యులందరికీ నమస్కారం. కుడివైపు కింది దవడలో చివరి నుంచి రెండో పన్ను మూడు రాత్రులుగా నన్ను కన్ను మూయనివ్వలేదు. పగలు ఎలాగో ఓర్చుకోగలిగిన సలుపు, రాత్రి పడుకోగానే నాడి కొట్టుకున్నట్టు పోటెత్తేది. లేచి కూర్చుంటే కాస్త నయంగా ఉండేది. రెండు నెలల క్రితం ఇదే పన్ను చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమని, క్షణంలో సర్దుకునేది. నిన్న రాత్రి మాత్రం విచిత్రంగా చల్లటి నీళ్లు పుక్కిట ఉన్నంతసేపే ఉపశమనం. ఉమ్మేసిన అర నిమిషానికి మళ్లీ మొదలు. నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని తెల్లవారుజామున మూడింటి దాకా కుర్చీలోనే కూర్చున్నాను.

అయిదు గంటల ప్రాంతంలో నొప్పి ఆగిపోయింది. తగ్గుతూ తగ్గుతూ పోలేదు, ఎవరో దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా పోయింది. ఇప్పుడు చల్లటి నీళ్లు పట్టినా ఆ పంటికి ఏమీ తెలియడం లేదు. రేపు మధ్యాహ్నానికి దంతవైద్యుడి దగ్గర సమయం తీసుకుని ఉన్నాను. ఈ నెల చేతిలో డబ్బు బొత్తిగా ఆడడం లేదు. నొప్పే లేనప్పుడు ఆ ఖర్చును వచ్చే నెలకు వాయిదా వేసుకోవచ్చునా?

నిదానం | మొదటి రోజు, ఉదయం 7.35

నాకు అచ్చం ఇలాగే జరిగింది. నాలుగు రోజులు నరకం చూపించి, అయిదో రోజు దానంతట అదే ఊరుకుంది. నేను వెళ్లలేదు. రెండేళ్లయింది, ఆ పంటితోనే నములుతున్నాను. దంతవైద్యులు ప్రతిదానికీ రూట్ కెనాల్ (పంటి లోపలి నరం తీసేసి, వేరులోని కాలువలు శుభ్రం చేసి నింపడం) అంటారన్నది నా అనుభవం. శరీరానికి తనను తాను బాగుచేసుకునే శక్తి ఉందని నమ్మేవాళ్లలో నేనొకణ్ణి.

చిన్నఅద్దం | మొదటి రోజు, ఉదయం 8.20

నేను పదిహేడేళ్లుగా దంతవైద్యురాలిగా పనిచేస్తున్నాను. పన్నును కళ్లతో చూడకుండా నిర్ధారణ చెప్పడం తప్పే అవుతుంది గానీ, కుడిదవడ గారు రాసిన క్రమం మాత్రం మాకు కంఠతా వచ్చిన కథ.

పంటి లోపల నరాలూ రక్తనాళాలూ ఉన్న మెత్తటి కణజాలం ఒక గట్టి గదిలో బందీగా ఉంటుంది. ఒంట్లో మరెక్కడైనా వాపు వస్తే చర్మం సాగి చోటిస్తుంది. ఇక్కడ గోడలు సాగవు కాబట్టి ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. పడుకున్నప్పుడు తలకు చేరే రక్తపు ఒత్తిడి పెరుగుతుంది, పోటు ఎక్కువవుతుంది. చల్లదనం క్షణంలో సర్దుకున్న రెండు నెలల క్రితం ఆ నరం అలసిపోయి ఉందే తప్ప, కోలుకోలేని స్థితికి బహుశా చేరలేదు. పుచ్చు తీసి ఫిల్లింగ్ పెట్టడంతో సరిపోయే దశ అది. తర్వాత తాకిడి తీసేసినా నొప్పి అర నిమిషానికి పైగా నిలవడం, ఏమీ తగలకుండానే రాత్రి లేపడం, చివరికి చల్లటి నీళ్లే హాయిగా అనిపించడం, ఇవన్నీ నరం చివరి ఘడియల్లో ఉందనడానికి గుర్తులు. ఈ ఉదయం అయిదింటికి ఆగిపోయింది జబ్బు అయి ఉండదు. నొప్పి చెప్పే నరమే చచ్చిపోయి ఉంటుంది.

చచ్చిన కణజాలం బ్యాక్టీరియాకు తిండి. రక్తప్రసరణ ఆగిన గదిలోకి మన రక్షక కణాలూ రాలేవు, మింగిన మందూ చేరదు. అక్కడి నుంచి వేరు కొస గుండా అది దవడ ఎముకలోకి దిగుతుంది. దిగడానికి మూడు రోజులు పట్టవచ్చు, మూడేళ్లు పట్టవచ్చు. ఎంతన్నది ముందుగా చెప్పగలిగినవారిని నేనింతవరకు చూడలేదు. దిగిన తర్వాత వచ్చే నొప్పి తీరు వేరు: పన్ను ఎత్తుగా పెరిగినట్టనిపిస్తుంది, పళ్లు కలిపితే ముందు అదే తగులుతుంది, వేలితో తట్టితే తల దాకా పాకుతుంది. ఆపై వాపు. కాబట్టి నా సమాధానం ఒక్కటే: రద్దు చేసుకోకండి. ఈ నొప్పి లేని విరామాన్ని వరంగా భావించి ఇప్పుడే వెళ్లండి. వాపు లేని పంటికి మత్తు బాగా ఎక్కుతుంది, పనీ తేలికగా సాగుతుంది.

నిదానం గారూ, మీరు చెప్పింది నేను కాదనను. అలా ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు. ఒక్క చిన్న పని చేయండి. అద్దం ముందు నిలబడి, పెదవి వెనక్కి లాగి, ఆ పంటి వేరు ఉండే చోట చిగురు మీద పెసరగింజంత పొక్కు ఉందేమో చూడండి. ఉంటే దాని పక్కన వేలితో మెల్లగా నొక్కి చూడండి.

కుడిదవడ | మొదటి రోజు, ఉదయం 9.05

వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. అయితే నా ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఇన్‌ఫెక్షనే కారణమైతే అయిదు రోజులు యాంటీబయాటిక్ వేసుకుని, డబ్బు చేతికందాక మిగతా పని చేయించుకోకూడదా? ఇంట్లో ఇదివరకటి మాత్రలు సగం పట్టీ మిగిలి ఉన్నాయి.

మందులబల్ల | మొదటి రోజు, ఉదయం 10.10

నేను ఫార్మసిస్టును. ఆ సగం పట్టీని దయచేసి ముట్టుకోకండి. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో వెలువరించిన మార్గదర్శకాలు, పంటి చికిత్స అందుబాటులో ఉన్న ఆరోగ్యవంతులైన పెద్దలకు చాలా వరకు పంటి నొప్పుల్లో యాంటీబయాటిక్ వాడవద్దనే చెబుతున్నాయి. జ్వరం, నీరసం, పాకుతున్న వాపు ఉంటే మాట వేరు. అప్పుడు కూడా అది చీము తీయడానికి తోడే గానీ ప్రత్యామ్నాయం కాదు. కారణం పైన వైద్యురాలు చెప్పినదే: రక్తం వెళ్లని చోటికి మాత్ర వెళ్లదు.

నొప్పి మాత్రల విషయంలో మా బల్ల దగ్గర రోజూ కనిపించే పొరపాట్లు రెండు. మొదటిది, ఉండబట్టలేక ఒకే రకం మాత్రను గంటగంటకూ మింగడం. మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవారికి ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, దానికి తోడుగా పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు కలిపి వేసుకోవడం పంటి నొప్పిలో చాలా బాగా పనిచేస్తుంది; రెండూ రెండు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి విడివిడిగా కంటే కలిపితేనే ఫలితం ఎక్కువ. డబ్బా మీద రాసిన గంటల ఎడం పాటించాలి. పారాసిటమాల్ రోజు మొత్తం మీద 4000 మిల్లీగ్రాములు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. జలుబు మాత్రల్లో కూడా అదే మందు దాగి ఉంటుంది గనక వాటినీ లెక్కలో వేసుకోవాలి. కాలేయ జబ్బు ఉన్నవారు, మద్యం అలవాటున్నవారు ఆ హద్దు కంటే చాలా కిందే ఆగాలి. కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు ఐబుప్రొఫెన్ వేసుకునే ముందు అడిగి తీరాలి.

రెండో పొరపాటు ఆస్పిరిన్ మాత్రను నొప్పి ఉన్న పంటి పక్కన చిగురుకు ఆనించి ఉంచడం. అది నొప్పిని తగ్గించదు సరికదా, అక్కడి చర్మాన్ని తెల్లగా కాల్చేస్తుంది. లవంగ నూనెలోని యూజినాల్ కొంత తిమ్మిరి ఇచ్చే మాట నిజమే, దంతవైద్యులూ దాన్ని వాడతారు. కానీ దూదిని నానబెట్టి కుక్కితే అదీ కాలుస్తుంది. చుక్కతో సరిపెట్టాలి.

లెక్కలపుస్తకం | మొదటి రోజు, మధ్యాహ్నం 12.30

వైద్యం సంగతి తెలిసినవారు చెప్పారు. డబ్బు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే రెండుసార్లు ఇదే కుర్చీలో కూర్చుని ఒకసారి తప్పు నిర్ణయమూ ఒకసారి సరైన నిర్ణయమూ తీసుకున్నవాణ్ణి.

మొదటిసారి నొప్పితో మెలికలు తిరుగుతూ వెళ్లాను. రూట్ కెనాల్, పై తొడుగు, పక్క పంటికి ఫిల్లింగ్, పళ్లు శుభ్రం చేయడం, అన్నీ కలిపి ఒకే మొత్తం చెప్పారు. అంత లేదన్నాను. అయితే పీకేద్దామన్నారు. ఆ రెండింటికీ మధ్య మూడో దారి ఉంటుందని నాకు తెలియదు, నొప్పిలో ఉన్నవాడికి అడగాలనీ తోచదు. పీకించుకున్నాను. ఆ ఖాళీలోకి వెనక పన్ను ఒరిగింది, పైవరస పన్ను కిందికి దిగింది. ఇప్పుడు అక్కడ కట్టుడు పన్ను పెట్టించుకోవాలంటే ముందు ఆ రెండింటినీ సరిచేయాలట.

రెండోసారి వేరే చోట, కూర్చోగానే ఇలా అడిగాను: "ఇన్‌ఫెక్షన్ ఆగడానికి ఇవాళ తప్పనిసరిగా చేయవలసింది ఏమిటి? దానికి మాత్రం ఎంత? మిగిలినది ఎన్ని వారాలు ఆగగలదు?" ఆ ఒక్క ప్రశ్నతో మొత్తం మూడు ముక్కలైంది. ఆ రోజు పన్ను తెరిచి, లోపలి కుళ్లు తీసి, మందు పెట్టి తాత్కాలికంగా మూశారు. కొన్ని వారాల తర్వాత పంటి వేళ్లలోని కాలువలు నింపారు. ఆ పైన తొడుగు. మూడింటికీ డబ్బు వేర్వేరు నెలల్లో కట్టాను. అంచనా కాగితం మీద రాసివ్వమని అడగడానికి మొహమాటపడకండి. ఎక్స్‌రే ప్రతి కూడా అడిగి తీసుకుంటే, రెండో అభిప్రాయానికి వెళ్లినప్పుడు మళ్లీ తీయించుకునే ఖర్చు తప్పుతుంది.

దంత వైద్య కళాశాలల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేసే చికిత్సకు మామూలు క్లినిక్ కంటే చాలా తక్కువ అవుతుంది. సమయం మాత్రం పెట్టాలి. గంటలో అయ్యేది ఒక పూట పడుతుంది, ప్రతి మెట్టు దగ్గరా అధ్యాపకుడు వచ్చి చూసి సరే అనాలి. నా దృష్టిలో అది లోపం కాదు. ఇక బీమా ఉన్నవారు చూడవలసినవి ఏటా చెల్లించే గరిష్ఠ పరిమితి, పెద్ద చికిత్సలకు ఉండే నిరీక్షణ కాలం. సంవత్సరం చివర్లో ఉంటే తొడుగును కొత్త సంవత్సరపు పరిమితిలోకి నెట్టవచ్చు. వడ్డీ లేని వాయిదాలన్న చోట ఒక వాయిదా తప్పితే ఏమవుతుందో సంతకానికి ముందే చదవండి. కొన్ని పథకాల్లో మొదటి రోజు నుంచీ వడ్డీ లెక్కగట్టే షరతు అడుగున ఉంటుంది.

ఒంటిపన్ను | మొదటి రోజు, మధ్యాహ్నం 1.15

పీకించుకోవడమంటే ఓటమి అన్నట్టు మాట్లాడుతున్నారు గనక ఒక మాట చేరుస్తాను. నేను లెక్క వేసుకునే, తెలిసే, చివరి దవడ పన్ను తీయించుకున్నాను. ఆ పక్క పైనా కిందా మిగిలిన పళ్లతో నమలడానికి నాకు ఏ లోటూ రాలేదు. పగులు వేరు దాకా దిగిన పంటికి, చుట్టూ ఎముక కరిగిపోయిన పంటికి, ఎదురు పన్ను లేని జ్ఞానదంతానికి రూట్ కెనాల్ చేయించడం డబ్బును నీళ్లలో పోయడమే.

చిన్నఅద్దం | మొదటి రోజు, మధ్యాహ్నం 2.40

ఒంటిపన్ను గారితో ఏకీభవిస్తున్నాను. పీకడం కూడా చికిత్సే. నేను వద్దనేది నొప్పి తెల్లవారుజామున తీసుకునే నిర్ణయాన్ని మాత్రమే. పన్ను తెరిచి మందు పెట్టి మూస్తే మీకు దొరికేది ఆలోచించుకునే వ్యవధి. కానీ ఆ తాత్కాలిక మూత నిజంగా తాత్కాలికమే. వారాలు గడిచేకొద్దీ అరుగుతుంది, అంచుల నుంచి లాలాజలం లోపలికి పోతుంది, మొదట శుభ్రం చేసినదంతా వృథా అవుతుంది. నొప్పి పోయిందని సగంలో మానేసి, ఏడాదికి పగిలిన పంటితో వచ్చేవారిని నెలకు నలుగురిని చూస్తాను. లోపల తొలచిన దవడ పన్ను గుల్లగా ఉంటుంది. తొడుగు ఆలస్యమైతే, ముందు నమిలే కొనలనైనా కప్పే గట్టి ఫిల్లింగ్ వేయమని అడగండి.

రాత్రివిధి | మొదటి రోజు, సాయంత్రం 4.05

పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సును. పంటి నొప్పితో అర్ధరాత్రి మా దగ్గరికి వచ్చేవారికి గంటల నిరీక్షణ తర్వాత చాలాసార్లు దొరికేది నొప్పి మాత్రలు, ఒక చీటీ, "రేపు దంతవైద్యుణ్ణి కలవండి" అన్న మాట. అందులో ఎవరి తప్పూ లేదు. పన్ను తెరిచే పరికరాలూ, ఆ పని వచ్చినవారూ చాలా అత్యవసర విభాగాల్లో ఉండరు. కాబట్టి నొప్పి ఒక్కటే అయితే దంత క్లినిక్ తెరిచే దాకా ఆగడమే మేలు.

అయితే కొన్ని లక్షణాలకు ఒక్క గంట కూడా ఆగకూడదు. మింగలేక చొంగ కారుతున్నా, మాట ముద్దగా మారినా, నాలుక పైకి ఎత్తినట్టయి గడ్డం కింద కర్రలా గట్టిబడినా, నోరు రెండు వేళ్ల పట్టు కూడా తెరుచుకోకపోయినా, వాపు కంటి వైపో మెడ వైపో పాకినా, ఊపిరి బరువైనా నేరుగా ఆసుపత్రికే రావాలి. నాలుక కింద రెండు వైపులా పాకే ఆ ఇన్‌ఫెక్షన్‌ను 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతో లుడ్విగ్స్ ఆంజైనా అనే పిలుస్తాం. ఎక్కువగా కింది దవడ వెనక పళ్ల నుంచే మొదలవుతుంది. ఆ పళ్ల వేళ్లు నాలుక కింది కండరం అతుకు కంటే దిగువకు ఉండడం వల్ల చీము సూటిగా మెడ వైపు దారి చూసుకుంటుంది. ప్రాణం తీసేది ఇన్‌ఫెక్షన్ కంటే ముందు ఊపిరి దారి మూసుకుపోవడం. మధుమేహం అదుపులో లేనివారిలోనూ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారిలోనూ ఇది గంటల్లో ముదురుతుంది.

ఇంకొకటి. నడిస్తేనో మెట్లెక్కితేనో కింది దవడలో నొప్పి వచ్చి, కూర్చుంటే తగ్గుతుంటే, దాంతోపాటు చెమటో ఆయాసమో ఉంటే, అది పంటిది కాకపోవచ్చు. గుండె నొప్పి దవడలో వినిపించిన రోగులను మేము చూశాం.

రెండోషిఫ్టు | మొదటి రోజు, సాయంత్రం 5.30

సమయం దొరకడం గురించి ఎవరూ రాయలేదు. నేను ఒక దంత క్లినిక్‌లో ఫోన్లు తీసే ఉద్యోగం చేశాను. "చాలా నొప్పిగా ఉంది" అన్న మాట మేము రోజుకు ఇరవైసార్లు వింటాం, దాన్ని బట్టి ఎవరిని ముందు పిలవాలో తెలియదు. అదే ఒకరు "మూడు రాత్రులుగా నిద్ర లేదు, మాత్రలకు తగ్గడం లేదు, ఈ ఉదయం నుంచి చెంప వాచింది, జ్వరం లేదు, నోరు తెరుచుకుంటోంది, రక్తం పలచబడే మందు వాడుతున్నాను" అని వరసగా చెబితే, ఆ చీటీ నేరుగా వైద్యుడి చేతికి వెళ్తుంది. చాలా క్లినిక్‌లు అత్యవసరాల కోసం రోజులో కొంత సమయం ఖాళీగా ఉంచుకుంటాయి, అది తలుపు తెరిచిన మొదటి అరగంటలోనే నిండిపోతుంది. ఎవరైనా రద్దు చేసుకుంటే పిలవమని చెప్పి, ఎంత సేపట్లో రాగలరో కూడా చెప్పండి. పది నిమిషాల్లో రాగలవారికే ఆ చోటు దక్కుతుంది.

అన్నట్టు, పంటి తొడుగు ఊడిపోతే దాన్ని పారేయకుండా తీసుకురండి. తిరిగి అతికించగలిగితే కొత్తది చేయించుకునే ఖర్చు తప్పుతుంది. మందుల దుకాణంలో దొరికే తాత్కాలిక సిమెంటు సరే గానీ, ఇంట్లో వాడే జిగురుతో అతికించుకుని వచ్చినవారికి ఆ జిగురు గీకడానికే అరగంట పట్టేది.

ఇద్దరికితల్లి | మొదటి రోజు, సాయంత్రం 6.20

చర్చ దారి తప్పిస్తున్నానేమో, క్షమించండి. నొప్పి గంటలు ఆగుతుంది, ఊడిపడిన పన్ను నిమిషాలే ఆగుతుంది కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. మా పెద్దవాడు తొమ్మిదో ఏట సైకిలు మీద నుంచి పడితే ముందు పన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. నేను చేసిన మొదటి పని దాన్ని కుళాయి కింద రుద్ది రుద్ది కడగడం. అదే తప్పని తర్వాత తెలిసింది: వేరు మీద ఉండే సన్నటి పొరలోని కణాలు బతికి ఉంటేనే పన్ను తిరిగి అంటుకుంటుంది, వాటిని నేనే గోకి పారేశాను. ఆ పన్ను ఎముకతో కలిసిపోయి కొన్నేళ్లలో కరిగిపోయింది.

రెండోసారి మా పక్కింటి పాప విషయంలో జాగ్రత్తపడ్డాం. వేరు ముట్టుకోకుండా తెల్లటి భాగం పట్టుకుని, మట్టిని పాలతో ఒక్కసారి అలా కడిగి, గుంటలో అదే వైపుకు నొక్కి, శుభ్రమైన గుడ్డ కొరికించి తీసుకెళ్లాం. దంతవైద్యుడు పక్క పళ్లకు సన్నటి తీగతో రెండు వారాలు కట్టి ఉంచారు. గుంటలో పెట్టలేకపోతే పాలలో వేసి తీసుకెళ్లాలట. మామూలు నీళ్లలో ఆ కణాలు ఉబ్బి పగిలిపోతాయి. గాలికి ఆరిపోతూ గంట దాటితే అవి దాదాపు బతకవు. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు, లోపల మొలిచే పన్ను దెబ్బతింటుంది.

నిదానం | మొదటి రోజు, రాత్రి 9.45

అద్దం ముందు నిలబడ్డాను. ఉంది. చిగురు మీద చిన్న పొక్కు, పసుపు మొన. నొక్కితే ఉప్పగా ఏదో వచ్చింది. అప్పుడప్పుడు ఉదయం నోట్లో ఆ రుచి తగులుతూ ఉండేది, నిద్ర సరిపోక అనుకునేవాణ్ణి.

చిన్నఅద్దం | మొదటి రోజు, రాత్రి 10.15

అది చీము బయటికి తోడుకున్న కాలువ. మీకు ఇన్నాళ్లూ నొప్పి, వాపు లేకపోవడానికి కారణం అదే: ఒత్తిడి పెరగకుండా అక్కడి నుంచి కారిపోతోంది. రెండేళ్లుగా ఎముక లోపల కరుగుతూనే ఉండి ఉండవచ్చు. భయపడవలసిన అత్యవసరం కాదు గానీ, ఆ కాలువ ఏ కారణం చేతనైనా మూసుకుపోయిన రోజున అత్యవసరం అవుతుంది. ఈ వారంలో ఒక ఎక్స్‌రే తీయించుకోండి. లోపలి మూలం శుభ్రమైతే ఆ పొక్కు దానంతట అదే మానిపోతుంది. ఆ మాటకొస్తే శరీరానికి తనను తాను బాగుచేసుకునే శక్తి ఉందన్న మీ మాట అక్కడ నిజమవుతుంది.

పాతసభ్యుడు | రెండో రోజు, ఉదయం 7.10

ఇదంతా చదివాక నాకు తట్టింది ఒకటే. రెండు నెలల క్రితం చల్లటి నీళ్లకు జివ్వుమన్న రోజునే కుడిదవడ గారు వెళ్లి ఉంటే ఒక ఫిల్లింగ్‌తో పోయేది కదా. ఆ ముందు దశలోనే పట్టుకోవడానికి ఏం చేయాలో కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది.

చిన్నఅద్దం | రెండో రోజు, ఉదయం 8.00

ఆయనను నిందించకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం దాదాపు 350 కోట్ల మందికి ఏదో ఒక నోటి జబ్బు ఉంది, వాటిలో చికిత్స అందని పుచ్చే అన్నిటికంటే ఎక్కువ. అంతమందీ అశ్రద్ధపరులే అనడం అన్యాయం.

పుచ్చు ఎలా మొదలవుతుందో తెలిస్తే ఏం చేయాలో అదే అర్థమవుతుంది. చక్కెర తగిలినప్పుడల్లా పళ్ల మీది బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది. ఆమ్లత్వం పెరిగి పీహెచ్ (ఆమ్లత్వం పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కంటే దిగితే పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ సరిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే ఎంత తీపి తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. ఒక తీపి పానీయాన్ని పది నిమిషాల్లో తాగేసినవారి కంటే, బల్ల మీద పెట్టుకుని మధ్యాహ్నమంతా గుక్క గుక్కగా తాగేవారి పళ్లే ముందు పాడవుతాయి. రాత్రి నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది కాబట్టి పడుకునే ముందు తోముకోవడం మిగతా అన్నిటికంటే విలువైనది. పేస్టులో ఫ్లోరైడ్ పది లక్షల భాగాలకు 1000 నుంచి 1500 భాగాల మధ్య ఉండాలి, ట్యూబు మీద రాసి ఉంటుంది. తోముకున్నాక ఉమ్మేసి ఊరుకోండి, నీళ్లతో పుక్కిలిస్తే ఆ ఫ్లోరైడ్ కడుక్కుపోతుంది. నా రోగుల్లో సగం మందికి ఈ చివరి మాట కొత్త.

బ్రష్షు రెండు పళ్ల మధ్యకు వెళ్లదు. కుడిదవడ గారి పుచ్చు బయటికి కనిపించలేదంటే బహుశా అక్కడే పుట్టి ఉంటుంది. పళ్ల సందులు శుభ్రం చేసే దారమో (ఫ్లాస్) సన్నటి బ్రష్షో వాడాలి, ఆ చోటు చూపించే ఎక్స్‌రే అప్పుడప్పుడు తీయించుకోవాలి. నోరు ఎండిపోయే మందులు వాడుతున్నవారు ఆ సంగతి దంతవైద్యుడికి తప్పక చెప్పాలి. చిన్నపిల్లలకూ, పెద్ద వయసువారికీ, ఇప్పుడు డ్రిల్లింగ్ ఖర్చు భరించలేనివారికీ 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రావణం ఉంది. పుచ్చు మీద పూస్తే నిమిషాల్లో పని అయిపోతుంది, పుచ్చు ముదరడం చాలావరకు ఆగుతుంది. ఆ చోటు నల్లబడుతుందన్నది దాని లోపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. అడిగితే తప్ప చాలాచోట్ల దాని ప్రస్తావన రాదు. నరం దాకా చేరిన పంటికి మాత్రం అది పనికిరాదు.

కుడిదవడ | రెండో రోజు, సాయంత్రం 6.40

వెళ్లి వచ్చాను. రాత్రి పళ్లు కలిపినప్పుడు ఆ పన్ను కాస్త ఎత్తుగా తగలడం మొదలైంది, అప్పుడే రద్దు ఆలోచన మానుకున్నాను.

వైద్యుడు ముందు బాగున్న పంటికి, తర్వాత ఈ పంటికి చల్లటి దూది ఆనించారు. బాగున్నది వెంటనే చెప్పింది. ఇది ఎంతసేపు ఆనించినా మూగగా ఉంది. ఎక్స్‌రేలో రెండు పళ్లు ఆనుకునే చోట, బయటికి కనిపించని నల్లటి గుంట నరం గది దాకా దిగి ఉంది. లెక్కలపుస్తకం గారి ప్రశ్నను యథాతథంగా అడిగాను. ఆయన కాసేపు ఆగి, కాగితం తిప్పి, మూడు గడులు గీసి మూడు అంకెలు వేశారు. మొదటి గడి ఈ నెల నాకు అందుబాటులోనే ఉంది.

మత్తు తేలికగానే ఎక్కింది. తెరవగానే వచ్చిన వాసనకు నాకే ముఖం చిట్లింది. పంటి వేళ్లలోని మూడు కాలువల్లో రెండింటిలో నరం చచ్చిపోయి, మూడోదానిలో ఇంకా కొనఊపిరితో ఉంది. సూది అక్కడ తగిలినప్పుడు కుర్చీలో ఎగిరిపడ్డాను, మళ్లీ కాస్త మత్తు వేశారు. యాంటీబయాటిక్ రాయలేదు, నేనూ అడగలేదు. తాత్కాలిక మూత మీద గంట దాకా ఏమీ నమలవద్దని, మూడు వారాల తర్వాత రమ్మని చెప్పారు. ఎడమవైపు అదే స్థానంలో ఉన్న పంటి సందులో కూడా చిన్న నీడ ఉందట. అది మాత్రం ఫిల్లింగ్‌తో పోతుందన్నారు. రెండో గడికి ముందు దాన్నే చేయించుకుందామని, ఆ రోజే సమయం రాయించుకుని వచ్చాను.

నిదానం | రెండో రోజు, రాత్రి 8.30

మీరు కాగితం మీద గీయించుకున్న గడుల ఫొటో, అంకెలు చెరిపేసి, ఇక్కడ పెట్టగలరా? నాకు శుక్రవారం ఉదయం 9.30కి సమయం దొరికింది.